విరిగిన పాల లెక్క: మా వంటింటి వేసవి డైరీ

ఏప్రిల్ 28

ఈ పూట కూడా పాలు విరిగాయి. వారంలో ఇది మూడోసారి. విజయవాడ ఎండల్లో ఇది వింతేం కాదు గానీ, విరిగిన ప్రతిసారీ మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తుంది. నేను గిన్నె పట్టుకుని సింకు వైపు వెళ్తాను. అత్తయ్య నాకంటే ముందే వెళ్లి అడ్డం నిలబడతారు. "పాలు పారబోస్తావా అమ్మాయ్? కాస్త పంచదార వేసి దగ్గరపడేదాకా తిప్పితే కోవా అయిపోదూ!"

ఆవిడ మాట తీసెయ్యలేను. అలాగని తల ఊపనూ లేను. పోయిన వేసవిలో రాత్రంతా గట్టు మీద మర్చిపోయిన పాలతో ఇలాగే కోవా చేసుకుని తిన్నాం. తెల్లవారుజామున ముగ్గురికీ వాంతులు. కోవా వల్లేనని రుజువేమీ లేదు. కానీ ఆ రాత్రి మేం ముగ్గురం తిని, పిల్లాడు తిననిది అదొక్కటే. వాడు హాయిగా నిద్రపోయాడు.

అందుకే ఈసారి వాదించడం మానేసి లెక్క రాద్దామనుకున్నాను. ఫ్రిజ్ పక్కన వేలాడే కేలండర్లో మే నెల మొత్తం: ఏ ప్యాకెట్, ఎప్పుడు తెచ్చాం, ఎక్కడ పెట్టాం, ఎప్పుడు విరిగింది, వాసన ఎలా ఉంది, చివరికి ఏం చేశాం. ఖర్చు పెద్దగా లేదు. ఫ్రిజ్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి, పులుపు ఎంతుందో అంకెలో చెప్పే, అరపాయింటు తేడా కూడా చూపించే పీహెచ్ స్ట్రిప్పుల డబ్బా ఒకటి ఆర్డర్ పెట్టాను. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. వంటింటి తూకం ఎలాగూ ఉంది.

ఏప్రిల్ 30

థర్మామీటర్ వచ్చింది. పాలు పెట్టే చోటే, అంటే ఫ్రిజ్ తలుపు అరలోనే, రెండు గంటలు ఉంచాను. 11 డిగ్రీలు! మధ్య అరలో వెనక్కి జరిపి పెడితే 5. ప్యాకెట్ మీదేమో 5 డిగ్రీల లోపు ఉంచమని ఉంది. పిల్లాడు చల్లటి నీళ్ల కోసం గంటకి పదిసార్లు తలుపు తీస్తాడు. తీసినప్పుడల్లా వేడిగాలి ముందు కొట్టేది ఆ తలుపు అరకే. ఇన్నేళ్లూ తలుపుకి అర ఉంది కదా అని పాలు అక్కడే పెడుతున్నాను.

పాలు మధ్య అరకి, వెనక్కి మారాయి. తలుపు అరలోకి పచ్చళ్ల సీసాలూ సాస్‌లూ వచ్చాయి. ప్రాజెక్టు మొదలవకముందే సగం పని అయిపోయిందేమో అనిపించింది, కాస్త నిరాశగా కూడా.

మే 2

తేదీ లోపలి ప్యాకెట్, పొద్దున తెచ్చిందే. టీ పెడుతుంటే విరిగింది. కేలండర్లో "విరిగింది" అని రాయబోయి ఆగాను. అల్లం పచ్చిగా దంచి చల్లటి పాలలోనే వేసేశాను. అల్లంలో పాలని విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. అల్లాన్ని ముందు నీళ్లలో మరిగిస్తే అది చచ్చిపోతుంది. ఆ తర్వాత పాలు పోసినా ఏమీ కాదు. ప్యాకెట్లో మిగిలిన పాలకి స్ట్రిప్పు ముంచితే 6.5 చూపించింది, అంటే తాజా పాలే.

పండక్కి చేసే బెల్లం పరమాన్నం విరగడం కూడా ఇలాంటిదే. బెల్లంలో ఉండే కొద్దిపాటి పులుపుకీ లవణాలకీ మరుగుతున్న పాలు తట్టుకోలేవు. అందుకే మా అమ్మ స్టవ్ కట్టేసి, పరమాన్నం కాస్త చల్లారాక పాకం కలిపేది. ఇలా విరిగినవి పాడైన పాలు కావు. చూడ్డానికి బాగుండవు, అంతే. కేలండర్లో వీటికి వేరే గుర్తు పెట్టాను: చిన్న సున్నా.

మే 4

అత్తయ్య ఒక సంగతి చెప్పారు. ఇది ముందే తెలిస్తే ఎన్ని లీటర్లు మిగిలేవో! తెనాలి పక్కన వాళ్ల ఊళ్లో పాలకేంద్రం ఉండేదట. ఎవరి పాల మీదైనా అనుమానం వస్తే గాజు గొట్టంలో కాసిని పోసి, మరుగుతున్న నీళ్లలో పెట్టి చూసేవాళ్లట. గడ్డకట్టాయా, క్యాన్ వెనక్కి.

దాన్నే మా ఇంటికి తగ్గట్టు గరిటె పరీక్ష చేసుకున్నాను. రెండోరోజు పాలేవైనా సరే, గిన్నెలో పొయ్యకముందు ఒక గరిటెడు తీసి పోపు గరిటెలో వేడి చేస్తాను. పొంగి నిలబడితే కాచుకోవచ్చు. పలుకులు తేలితే మిగతా పాలు కాఫీకి పనికిరావు. ముఖ్యంగా, వాటిని తీసుకెళ్లి మంచి పాలలో కలపకూడదు. మేం ఎక్కువసార్లు నష్టపోయింది అక్కడే. మిగిలిన పావులీటరు పాతపాలు తెచ్చి కొత్త అరలీటరు మీద పొయ్యడం, మొత్తం పోవడం.

ఈ రోజు గరిటెలో పలుకులు తేలాయి. ఆ పాలు నిన్నటి నుంచీ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి, తేదీ దాటలేదు, వాసన మామూలుగా ఉంది. స్ట్రిప్పు 6 కాస్త పైన చూపించింది. చల్లగా ఉంటే ఇంకా పాలలాగే కనిపిస్తాయి. వేడి తగిలితేనే బయటపడతాయి. అత్తయ్య నా మొహం చూశారు. సరే కోవాకి ఒప్పుకున్నాను. అరలీటరు టోన్డ్ పాలు విరగ్గొట్టి వడకడితే 75 గ్రాముల విరుగుడు వచ్చింది. మూడు చెంచాల పంచదార, ఒక ఏలక్కాయ. పావుగంటలో తినేసేంత కోవా. పిల్లాడికి మాత్రం పెట్టలేదు. ఇలాంటి "ఇంకా పర్లేదు" పాలతో చేసినవి పసిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ, బాగా పెద్దవాళ్లకీ పెట్టకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. డెబ్బై రెండేళ్ల అత్తయ్య ఈ జాబితాలో తన పేరు లేదనే అనుకున్నారు. రెండు చెంచాలు తిన్నారు. రాత్రంతా టెన్షన్ నాకే. ఏమీ కాలేదు.

మే 7

అసలు ప్రయోగం ఇవాళ. ఒకే ప్యాకెట్ పాలు, మూడు గాజు గిన్నెల్లో 150 మిల్లీలీటర్ల చొప్పున. ఒకటో గిన్నెలో పాలు ఉన్నవి ఉన్నట్టు గట్టు మీద వదిలేశాను. రెండో గిన్నెలోవి కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, అర చెంచా తోడు వేశాను. మూడో దాంట్లో పచ్చిపాలలోనే రెండు చెంచాల నిమ్మరసం కలిపాను. టైము ఉదయం 9. వంటింట్లో 36 డిగ్రీలు.

నిమ్మరసం గిన్నె పది నిమిషాల్లో చిక్కబడి సన్నగా పలుకు కట్టింది. దాన్ని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాను. తోడు గిన్నె మధ్యాహ్నం రెండుకల్లా గడ్డపెరుగు. ఒకటో గిన్నె సాయంత్రం ఏడింటికి పైకి మామూలుగానే ఉంది, వాసన మాత్రం మారింది. పుల్లటి వాసన కాదు. తడిసిన గుడ్డ వాసన.

మే 8

పొద్దున లేచి చూస్తే ఒకటో గిన్నెలో నీళ్లు ఒకవైపు, జిగురుగా సాగే ముద్ద ఒకవైపు, అంచున బుడగలు. రుచి చూడలేదు, ఎవరూ చూడకూడదు కూడా. స్ట్రిప్పు 5.5. పెరుగు గిన్నెకి ముంచితే 4.5.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. రోజూ సుబ్బరంగా అన్నంలో కలుపుకునే పెరుగు, ఈ కంపుకొట్టే పాల కన్నా చాలా ఎక్కువ పులుపు! ఇన్నాళ్లూ పులుపు ఎక్కువైతే పాడైనట్టు, తక్కువైతే పర్లేనట్టు అనుకుంటున్నాను. లెక్క తిరగబడింది. చూడాల్సింది పులుపు ఎంతుందని కాదు, ఆ పులుపు తెచ్చింది ఎవరని.

తోడులో ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా లక్షల్లో ఒకేసారి దిగి, పాలలోని చక్కెరని తిని, గబగబా పులుపు చేసేస్తాయి. ఆ పులుపులో మిగతా క్రిములు చాలామటుకు తలెత్తలేవు. నిమ్మరసం ఆ పనే ఒక్క నిమిషంలో చేస్తుంది. ప్యాకెట్ పాలని డెయిరీలో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేస్తారు. దాంతో రోగాలు తెచ్చేవి చస్తాయి, వాటితోపాటు పుల్లబెట్టే మంచి బ్యాక్టీరియా కూడా చాలావరకు పోతాయి. మిగిలేవి మొండివి. విత్తనాల్లాంటి సిద్ధబీజాలుగా మారి వేడిని తట్టుకునే బాసిల్లస్ జాతివి, తర్వాత మన చేతుల నుంచీ గిన్నెల నుంచీ చేరేవి. తోడు వెయ్యకుండా వదిలేస్తే ఆ ఖాళీ ఇంట్లోకి దిగేది అవే. అవి పాలలోని మాంసకృత్తుల్ని కొరికేస్తాయి, అందుకే చేదు, జిగురు.

"కాస్తే చచ్చిపోతాయిగా" అన్నారు మా ఆయన. క్రిములు చాలావరకు చస్తాయి. బాసిల్లస్ సీరియస్‌లో కొన్ని రకాలు, చేతుల మీద ఉండే స్టెఫిలోకాకస్ వదిలిన విషం మాత్రం అరగంట మరిగించినా పోదు. పోయిన వేసవి కోవా గుర్తొచ్చింది. పంచదారలో ఎంతసేపు తిప్పానో కూడా గుర్తొచ్చింది.

మే 9

ఈ సంగతి అత్తయ్యతో చెప్పడం సులువేం కాలేదు. "అంటే మేమంతా విషం తిని బతికామా?" అన్నారు. తర్వాత నెమ్మదిగా కూర్చోబెట్టి వాళ్ల ఇంట్లో పాలు ఏం చేసేవాళ్లో అడిగాను. చెబుతూ చెబుతూ ఆవిడే ఆగిపోయారు.

పొద్దున గేదె పాలు పితికిన గంటలోపే కుండలో పోసి, పిడకల దాలి మీద పెట్టేవాళ్లట. సన్నసెగ మీద సాయంత్రం దాకా అలా కాగుతూనే ఉండేవి, ఎర్రగా, అంగుళం మందాన మీగడ కట్టి. పొద్దుగూకాక చల్లార్చి తోడు పెట్టేవాళ్లు. తెల్లారి చిలికితే వెన్న, చల్ల. అంటే ఆ పాలు రోజంతా సెగ మీదైనా ఉన్నాయి, తోడులోనైనా ఉన్నాయి. క్రిములకి ఇష్టమైన గోరువెచ్చటి గంటలు వాటికి దక్కనేలేదు. వాళ్లు వాడిన "పులిసినవి" అన్నీ పులిసిన చల్ల, పులిసిన పెరుగే. దానంతటదే విరిగిన ప్యాకెట్ పాలు ఆవిడ వంటింట్లో ఎప్పుడూ లేవు. ఆవిడ సూత్రం తప్పు కాదు, ఆ పాలు వేరు.

అత్తయ్య ఒప్పుకున్నారని రాయను. "మరి నీ ఫ్రిజ్ ఎందుకు?" అన్నారు.

మే 12

పక్కింటావిడ చిట్కా: పాలు విరుగుతాయేమోనని అనుమానం వస్తే చిటికెడు వంటసోడా వేసి కాచెయ్యమంది. చేశాను. గరిటెలో విరిగిన పాలే సోడా వేస్తే విరగలేదు. కాఫీ కూడా అయింది, కాస్త సబ్బురుచితో. పారబోశాను. సోడా పులుపుని చంపుతుందే గానీ పాలని తాజా చెయ్యదు. విరగడం పాలు మనకిచ్చే హెచ్చరిక. దాని నోరు నొక్కెయ్యడం ఎందుకు? అమ్మే పాలలో ఇలాంటివి కలపడాన్ని ఆహార భద్రతా నిబంధనలు కల్తీ కింద లెక్కేస్తాయి. ఇంట్లో మనకి మనమే ఎందుకు కల్తీ చేసుకోవాలి?

మే 15

ఇవాళ్టి తప్పు పూర్తిగా నాదే. నిమ్మరసంతో పన్నీర్ చేశాను, బాగా వచ్చింది. లీటరున్నర పాలకి లీటరు పైనే నీళ్లు మిగిలాయి. పారబొయ్యడానికి మనసొప్పక కుక్కర్లో కందిపప్పుకి ఆ నీళ్లే పోశాను. ఆరు కూతలు వేయించాను. పప్పు పలుకులు పలుకులుగా నా మొహం చూసింది. మళ్లీ నాలుగు కూతలు. అదే వరస.

"చింతపండు ముందే వేస్తే పప్పు ఉడుకుతుందా?" అన్నారు అత్తయ్య, పత్రిక మీంచి తల ఎత్తకుండానే. నిజమే, పప్పు మెదిగాకే పులుపు వెయ్యాలని పదేళ్ల పిల్లకి కూడా తెలుసు. ఈ నీళ్లలో పులుపుతోపాటు పాలలోని కాల్షియం కూడా దిగింది. రెండూ కలిసి పప్పుని బిగదీస్తాయి. మిగిలిన నీళ్లు చపాతీ పిండిలో కలిపాను. చపాతీలు మెత్తగా, కాస్త పుల్లగా వచ్చాయి. పప్పు మాత్రం మిక్సీకెక్కింది.

మే 18

ఆదివారం. మైసూర్ బజ్జీలు. పులుపుకి ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు. పుల్లటి పెరుగూ వంటసోడా కలిస్తే గాలి పుడుతుంది. ఆ గాలికే బజ్జీ లోపల గుల్లవుతుంది. మైదా ఒకటిన్నర కప్పు, బియ్యప్పిండి రెండు పెద్ద చెంచాలు, పులిసిన పెరుగు ఒక కప్పు, సోడా అర చెంచా, ఉప్పు, జీలకర్ర, అల్లం, పచ్చిమిర్చి, కొబ్బరి పలుకులు. ఇంకో గిన్నెలో పెరుగు బదులు నిమ్మరసంతో పుల్లబెట్టిన పాలు ముప్పావు కప్పు. అవి పెరుగంత చిక్కగా ఉండవు గనక తగ్గించాను.

కలపడం అత్తయ్య వంతు. చేత్తో కిందనుంచి పైకి పిండిని ఎగరేస్తూ పది నిమిషాలు కొట్టారు. చిన్న ఉండ నీళ్లలో వేస్తే తేలాలి. తేలింది. నానడానికి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. గట్టు మీద అయితే ఈ వేడికి నానేలోపే ఇంకేదో అయిపోయేది.

పెరుగువి గుండ్రంగా పొంగాయి, నమిలితే సాగాయి. పాలవి కాస్త చదునుగా వచ్చాయి, లోపల మెత్తగా ఉన్నాయి, రుచికి తక్కువేం కాదు. పిల్లాడు పాలవే ఎక్కువ తిన్నాడు. మూడో వాయికి నేను తెలివి ఉపయోగించి సోడా ఇంకో పావు చెంచా వేశాను. ఎర్రగా మాడి, నూనె పీల్చుకుని, నాలుక మీద ఉప్పుసబ్బు. ఉన్న పులుపుకి సరిపడా సోడానే. ఒక కప్పు పెరుగుకి అర చెంచా దాటకూడదు.

ఇప్పుడు పుల్లటి పాలు కావాలంటే పాలు పాడయ్యేదాకా ఎవరూ ఎదురుచూడటం లేదు. తాజా పాలు ఒక కప్పు, పెద్ద చెంచాడు నిమ్మరసం, పది నిమిషాలు. కేకుకైనా రవ్వట్టుకైనా అదే. వెనిగర్ అయినా పర్లేదట. మా ఇంట్లో వెనిగర్ జాడీలు కడగడానికే ఉంటుంది.

మే 22

రాత్రి గాలివాన. పదకొండింటికి కరెంటు పోయింది, పొద్దున ఆరున్నరకి వచ్చింది. తలుపు తియ్యకపోతే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. ఇక్కడ ఏడున్నర గంటలు, మధ్యలో చీకట్లో నీళ్ల సీసా కోసం ఎవరు తలుపు తీశారో ఎవరూ ఒప్పుకోలేదు. థర్మామీటర్ 19 చూపిస్తోంది.

లోపల లీటరు పాలు, విప్పని ప్యాకెట్లే. ఒకటి ఉబ్బినట్టు అనిపించింది. రెండూ సింకులోకి. పెరుగు గిన్నె వాసన చూశాను. పుల్లగా, శుభ్రంగా ఉంది, బూజు లేదు, రంగు మారలేదు. అది ఉంచాను. పైన పచ్చగానో గులాబీరంగుగానో ఒక్క చుక్క కనిపించినా గిన్నె మొత్తం పోసేసేదాన్ని. అక్కడివరకు గీకేసి కింద తినడం మాత్రం ఎప్పుడూ చెయ్యను.

అత్తయ్య ఈసారి అడ్డం రాలేదు. "పండగపూట పోసినట్టు పోస్తున్నావు" అని మాత్రం అన్నారు. ఉంచిన పెరుగుతో మధ్యాహ్నం సొరకాయ మజ్జిగపులుసు. విరగకుండా చెంచాడు శనగపిండి కలిపి, తెర్లనివ్వకుండా దించేశాం.

మే 25

ఉన్న పెరుగంతా పుల్లబడింది. చల్ల మిరపకాయలు పెడదామన్నారు అత్తయ్య. అరకిలో మిరపకాయలు, తొడిమలు ఉంచి, కడుపున చీరిక. లీటరు పులిసిన మజ్జిగ, ఉప్పు, వాము.

గిన్నె దగ్గర మళ్లీ గొడవ. ఆవిడ తన ఇత్తడి గంగాళం తెచ్చారు. లోపల కళాయి, అంటే తగరం పూత, సగం పోయి ఇత్తడి పసుపు కనిపిస్తోంది. పుల్లమజ్జిగ రాత్రంతా దాంట్లో ఉంటే రాగి దిగి చిలుము పడుతుంది. ఈ మాటకి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. కళాయి పోయిన గిన్నెలో చారు కూడా కాచకూడదని వాళ్ల అత్తగారే అనేవారట. పింగాణీ జాడీ తీశాం.

మే 29

మూడు రాత్రులు మజ్జిగలో, మూడు పగళ్లు డాబా మీద. జాడీలో మజ్జిగ మొత్తం మిరపకాయలే తాగేశాయి. ఇవాళ్టికి గలగలమంటున్నాయి. ఒక్క గింజ చెమ్మ ఉన్నా డబ్బాలో బూజు పడుతుంది కాబట్టి ఇంకో రెండెండలు.

మే 31

కేలండర్ దింపాను. మే నెలలో కాచేటప్పుడు విరిగినవి: అల్లం సున్నా ఒకటి, 4వ తేదీది ఒకటి, 12వ తేదీ సోడాది ఒకటి. కరెంటు పోయి పారబోసింది లీటరు. ఏప్రిల్ ఆఖరు వారం ఒక్కదాంట్లోనే మూడుసార్లు విరిగాయి.

22వ తేదీ గడిలో నేను రాసిన దాని కింద అత్తయ్య అక్షరాలు కనిపించాయి, గొలుసుకట్టు రాతలో: "2 పేకట్లు. ఉబ్బినవి ఒకటే." రెండోది అనవసరంగా పోశానని ఆవిడ ఇంకా అనుకుంటున్నారన్నమాట. కావచ్చు. కరెంటు ఏడున్నర గంటలు లేదని పక్కన రాశాను.

రాత్రి పెరుగన్నంలోకి చల్ల మిరపకాయలు నాలుగు వేయించాం. ఉప్పు ఎక్కువైంది. రెండో వాయికి మజ్జిగ ఇంకో పావులీటరు పెంచాలి, ఉప్పు మాత్రం అంతే.